మరచెంబు కోసం అజ్జరం దాకా

ఇత్తడి సామాను బాగుచేస్తామని బోర్డు కట్టిన ప్రతి కొట్టులోనూ కంచరి పని తెలిసినవాడు ఉంటాడని నమ్మవద్దు. ఆ నమ్మకానికి మేము 1,150 రూపాయలూ, మా అమ్మమ్మ పేరులోని ఒక అక్షరమూ చెల్లించుకున్నాము.

1958లో అమ్మమ్మ పెళ్లికి సారెతో వచ్చిన మరచెంబు అది. మూత బిగిస్తే చుక్క కారదు కనుక 1967 గోదావరి పుష్కరాల నీళ్లు రాజమండ్రి నుంచి దానిలోనే ఇంటికి వచ్చాయి. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి చేతిలోంచి జారి మెడ దగ్గర అతుకు విడిపోయింది, మూత మరలు నలిగిపోయాయి. 2027 పుష్కరాలకు అదే చెంబు పట్టుకుని వెళ్లాలని అమ్మ పట్టుపట్టింది.

మొదట డెల్టాలోనే ఒక పెద్ద ఊరి పాత్రల కొట్టులో ఇచ్చాము. పన్నెండు రోజులు తిప్పించుకుని, చివరకు అద్దంలా మెరుస్తున్న చెంబును చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి వేడినీళ్లు పోస్తే మెడ చుట్టూ ఉన్న బంగారు రంగు ముద్ద ఊడి వచ్చింది. అది టంకం కాదు, గొట్టాలు కారితే పూసే ఎంసీల్ మీద వేసిన రంగు. అంతకన్నా ఘోరం, ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు మీద మెరుగు చక్రం ఆడించడంతో చివరి అక్షరం పూర్తిగా అరిగిపోయింది. అడగబోతే, “పాతది కొత్తదానిలా మెరుస్తుంటే ఇంకేం కావాలండీ” అని, కావాలంటే తూకానికి తీసుకుంటామని కూడా అన్నారు. తిరుగు బస్సులో అమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కొట్టును ఎంచినవాణ్ణి నేనే కదా.

అజ్జరం అప్పుడు గుర్తుకొచ్చింది. పెరవలి మండలంలోని ఈ ఊరు ఇత్తడి పనికి పేరుపడినది; 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పు గోదావరిలోకి వెళ్లింది, తణుకు మాత్రం పశ్చిమలోనే ఉండిపోయింది. తణుకు వరకు రైలు, అక్కడి నుంచి ఆటోకు రానుపోను 500 రూపాయలు. తణుకులో దిగిన లాడ్జికి 1,400, వేడినీళ్లకు బకెట్టుకు 20, దుప్పటి మారుస్తామన్న హామీకి మాత్రం ఏమీ తీసుకోలేదు, మార్చనూ లేదు.

అజ్జరంలో మేము కలిసిన కంచరి పెద్దాయన మిగిలిన ముద్దను గోటితో గీకి చూసి, “ఈ మెరుపు చూసి మోసపోయారమ్మా” అన్నారు. అతుకును రాకి శుభ్రం చేసి, ఇత్తడి పొడిని వెలిగారంతో తడిపి పూసి, కొలిమి వేడి చూపించారు. జింకు పాలు ఎక్కువగా ఉన్న పొడి చెంబు కన్నా ముందే కరుగుతుందని, ఆ తేడా కళ్లతో పట్టుకోలేనివాడు చెంబునే కరిగించుకుంటాడని ఆయన చెబుతుండగానే అతుకులోకి సన్నని మెరుపు పాకింది. టంకానికి 600, మూత లోపల కొత్త మర కట్టుకు 350. లోపల కళాయి, అంటే తగరం పూత, కూడా వేయమని నేను అడిగితే, పులుపు పోసే పాత్రకే కళాయి కావాలని, నీళ్ల చెంబుకు దండగని చెప్పి రాబోయే డబ్బును ఆయనే వద్దన్నారు. అరిగిన అక్షరాన్ని డబ్బు తీసుకోకుండా చుక్కలతో తిరిగి కొట్టారు. ఆ అక్షరం మిగతావాటికన్నా కాస్త నిటారుగా వచ్చిందని అమ్మ అక్కడే అనేసింది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మీరూ ఇటువంటి పాత్ర ఇచ్చేటట్లయితే పేరు ఉన్న వైపు ముందే ఫొటో తీసి పెట్టుకోండి, మెరుగు పెట్టవద్దని నోటితో చెప్పి ఊరుకోకుండా రసీదు మీద రాయించండి.

ఆ రాత్రి అమ్మ చెంబు నిండా నీళ్లు పట్టి, మూత బిగించి, లాడ్జి పరుపు మీద తలకిందులుగా నిలబెట్టింది. పరుపు తడుస్తుందేమోనని నేనంటే, “తడిస్తే తడవనీ, అప్పుడైనా దుప్పటి మారుస్తారు” అంది. పొద్దున్న చూస్తే దుప్పటి పొడిగానే ఉంది.