ఆర్టీఈ సీటా, కార్పొరేషన్ బడా: సోలాపూర్‌లో మన పిల్లలకు ఏది మేలు?

విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) కింద ప్రైవేటు బడుల్లో పేద, వెనకబడిన పిల్లలకు 25 శాతం ఉచిత సీట్లు లాటరీలో ఇస్తారు. ఏటా ఆ లాటరీ దగ్గర పడుతుంటే మా సోలాపూర్ తెలుగు వాడల్లో తల్లిదండ్రులు అడిగే మాట ఇదే: ప్రైవేటు ఇంగ్లీష్ మీడియంలో ఆర్టీఈ సీటుకు దరఖాస్తు పెట్టాలా, పక్కనే ఉన్న కార్పొరేషన్ బడిలో సెమీ ఇంగ్లీష్‌లో వేయాలా? కిలోమీటరు లోపు సర్కారు బడి ఉంటే ప్రైవేటు బడికి ఈ కోటా అక్కర్లేదని 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. జులైలో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి 25 శాతం కోటా ఉంది, నిశ్చింతగా అడగండి.

ఆర్టీఈ సీటుతో ఫీజు బాధ తప్పుతుంది, ఇంగ్లీష్ చిన్నప్పుడే చెవిన పడుతుంది. కానీ చట్టం హామీ ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో పూర్తి ఫీజు కట్టమంటే పవర్‌లూమ్ కూలీ ఏం చేస్తాడు? బస్సు ఖర్చు సరేసరి. సెమీ ఇంగ్లీష్‌లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో, మిగతావి మరాఠీలో. మన పిల్లలకు ఇంట్లో తెలుగైనా, గల్లీలో ఆడుకునేది మరాఠీలోనే కదా, తొందరగా అందుకుంటారు.

నా లెక్కలో తేల్చేది మాత్రం ఫీజూ కాదు, మీడియమూ కాదు. బడిలో తల్లిదండ్రుల మాట చెల్లుతుందా లేదా అన్నదే. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. గ్రాంటు దేనికి ఖర్చయిందో అడిగే హక్కు వాళ్లది. సర్కారు గ్రాంటు (ఎయిడ్) అందని ప్రైవేటు బడికి ఈ సెక్షన్ వర్తించదు. అక్కడ పిల్లకు సీటు దొరుకుతుంది గానీ తల్లికి కుర్చీ దొరకదు.

మేము మా పాపను కార్పొరేషన్ బడిలోనే వేశాం. అక్కడ కమిటీ మీటింగు పొద్దున పదకొండింటికి పెట్టేవాళ్లు. సరిగ్గా అప్పుడే బీడీలు చుట్టే అమ్మలు గంపలతో కంపెనీ ముందు వరుసలో ఉంటారు. లెక్క తక్కువైతే ఆ రోజు కూలి కోత. రిజిస్టరులో సంతకాలు మాత్రం నిండుగా ఉండేవి! నలుగురు తల్లులు కలిసి గట్టిగా అడిగాక మీటింగు సాయంత్రానికి మారింది. ఆ మొదటి సాయంత్రమే ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదన్న మాట బయటికొచ్చింది. వారంలో గడియ పడింది.

తెలుగు మీడియం మనసుకు దగ్గరే, కానీ పై చదువులకు ఎలాగూ మరాఠీకో ఇంగ్లీషుకో మారాలి. సంఘాల ఎయిడెడ్ బడులు హైస్కూలుకు బాగానే పనికొస్తాయి.

మీ వాడలోని కార్పొరేషన్ బడిలో ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూస్తుంటే మాత్రం ఆర్టీఈకే వెళ్లండి, పిల్ల ఏడాది పోగొట్టుకోవద్దు. టీచర్లు సరిపడా ఉంటే అక్కడే చేర్చండి. చేర్చేరోజే కమిటీ సభ్యుల జాబితా అడగండి. అందులో మీ గల్లీ అమ్మ ఎవరూ లేకపోతే వచ్చే ఎన్నికలో మీ పేరే ఇవ్వండి.