చాక్ పెయింట్ మీద పూసే మైనం: పాలమూరులో రెండు ఎండాకాలాలు చూశాక

చాక్ పెయింట్ అంటే పాత సామాన్లకు వేసే, ఆరాక సుద్దలాగ మెరుపు లేకుండా ఉండే నీళ్ల రంగు. దాన్ని ఎట్లా కలపాలో, ఎన్ని చేతులు (కోటింగులు) వేయాలో ఇక్కడ రాయను. అవన్నీ అందరికీ తెలిసినవే. నా పంచాయితీ అంతా దాని మీద పూసే క్లియర్ వ్యాక్స్‌తోనే, అంటే రంగులేని మైనంతోనే. మహబూబ్‌నగర్‌లో, ఏసీ లేని స్లాబు ఇంట్లో, రెండు ఎండాకాలాలు దాని పని చూసిన తర్వాత రాస్తున్నాను.

సామాను మా నాయనమ్మ టేకు సందూక. ముందుగా దంతపు తెలుపు, దాని మీద ముదురు ఆకుపచ్చ వేయాలనుకున్నాను. తెలుపు ఆరిన మర్నాటికే పసుపు, గోధుమ మరకలు పైకి తేలాయి. ఇంకో చేయి వేస్తే మళ్లీ తేలాయి. మా వీధి వడ్లాయన వచ్చి చూసి, "ఇంత మంచి టేకుకు రంగేస్తవా బిడ్డా" అని కాసేపు బాధపడి, తర్వాత ఆయనే ఉపాయం చెప్పాడు: "కట్టె రసం ఊర్తది. ముందుగాల చపడా ఒక్క చెయ్యి కొట్టు, గప్పుడు నీ రంగు నిలుస్తది." చపడా అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. క్లాక్ టవర్ దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో దొరికింది. నీళ్లతో కలిసే రంగు లక్క పొరను కరిగించలేదు, కట్టెలోని రసం ఆ పొరను దాటి రాలేదు. ఆ తర్వాత ఈ రోజు వరకు ఒక్క మరక లేదు. టేకు మీద లేత రంగు వేసేవాళ్లు ఈ ఒక్క పని మాత్రం మానొద్దు.

ఇక పాతకాలపు వస్తువులా కనబడేటట్టు అంచుల్లో రంగు అరగదీయడం. ఈ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. సందూకకు నిజంగా చేయి తగిలే చోట్లే రుద్దాను: గొళ్లెం చుట్టూ, మూత ఎత్తేటప్పుడు వేళ్లు పట్టే ముందంచు, చీపురు తగిలే కింది మూలలు. ఆకుపచ్చ కింద తెలుపు, తెలుపు కింద టేకు ఒక్కో గీతగా బయటపడుతుంటే చేయి ఆపబుద్ధి కాదు. రంగు వేసిన రోజే తడిగుడ్డతో రుద్దితే దుమ్ము అసలు లేవదు. మన వైపు ఎండకు రంగు తొందరగా గట్టిపడుతుంది కాబట్టి పూట దాటితే తడిగుడ్డకు లొంగదు, 220 నంబరు ఎమరీ కాగితమే గతి. ఆ కాగితంతో లేచే పొడి పిండికన్నా మెత్తగా ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ముందు పల్చగా మైనం పూసి ఆ తర్వాత రుద్దితే పొడి గాలిలోకి లేవకుండా మైనానికే అంటుకుని ఉంటుంది. ఆ రకంగా మైనానికి ఒక మార్కు వేస్తాను.

మైనం పూసిన మొదటి చలికాలమంతా నేను దాన్ని పొగిడినదానికి లెక్కలేదు. పాత నూలు చీర ముక్కతో గుండ్రంగా పూసి, మర్నాడు రుద్దితే వచ్చే ఆ మెత్తని మెరుపు ఏ వార్నిషుకూ రాదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ "ఒక్క డబ్బా, ఒక్క గుడ్డ చాలు" అని చెప్పాను. చాలు కూడా, సంక్రాంతి దాకా.

మే నెలలో జరిగింది చెప్తాను. సందూక మా ముందు గదిలో పడమటి కిటికీ కింద ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగా మూత మీద పడుతుంది. బయట నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు. ఆ రోజు కరెంటు లేదు, ఎవరో దినపత్రికల కట్ట తెచ్చి మూత మీద పెట్టారు, పైన ఇత్తడి చెంబు ఒకటి. సాయంత్రం పత్రికలు తీయబోతే అడుగు కాగితం రాలేదు. లాగితే చిరిగి, పైపొర మూతకే అతుక్కుపోయింది. మార్కెట్ ధరల పట్టిక, తిరగబడ్డ అక్షరాలతో, గడులతో సహా ముదురు ఆకుపచ్చ మీద తెల్లగా నిలిచింది. పక్కన మా చిన్నోడి అరచేయి అచ్చు. ఆ చుట్టూ చల్క నేలల ఎర్రదుమ్ము మైనంలో కూరుకుపోయి, గుడ్డతో తుడిస్తే పోవడం మాని ఇంకా పాకింది. అది చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

తేనెమైనం కరగాలంటే 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి కదా, గదిలో అంత ఎక్కడిది అనొచ్చు. డబ్బాలో ఉండేది ఉత్త తేనెమైనం కాదు. గుడ్డతో పూయడానికి వీలుగా అందులో టర్పెంటైన్ లాంటి ద్రవాలు కలుపుతారు. అవి ఆవిరై మైనం పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, అప్పటికీ అది మెత్తరకమే. కరగకపోయినా వేడికి జిగటగా అవుతుంది. పైగా ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది, మూత మీది వేడి గదిలోని వేడికన్నా చాలా ఎక్కువ. మందంగా పూసినందువల్ల అనుకోవడానికీ లేదు. అదే డబ్బా, అదే గుడ్డతో, అదే రోజు లోపలి గదిలో అద్దం ఫ్రేముకు పూసింది ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

డబ్బా అమ్మినవాళ్లను అడిగితే "కొంచెం చల్లని చోట పెట్టండి" అన్నారు. నల్లగొండ, పాలమూరు ఇండ్లల్లో మే నెలలో చల్లని చోటు ఎక్కడుందో వాళ్లే చెప్పాలి. చాక్ పెయింట్‌ను మొదట తయారు చేసినావిడ ఆనీ స్లోన్, 1990లో, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో. నేను కొన్నది ఆవిడ సరుకు కాదు, వేరేది. కానీ రంగు మీద మైనం పూసే పద్ధతి ఆ చల్లని దేశాల ఇండ్లల్లో పెరిగింది. మనకు అమ్మేటప్పుడు డబ్బా మీద ఎండ గురించి ఒక్క మాట రాస్తే ఏం పోయింది?

బాగు చేయడం మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు, ఇది నాకు దొరికిన ఊరట. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే మైనం, కాగితం, దుమ్ము అన్నీ కలిసి వచ్చేశాయి. ఆరిన రంగుకు టర్పెంటైన్ ఏమీ చేయలేదు. అరగదీసిన అంచులు మాత్రం కాస్త నల్లబడ్డాయి. అది నాకు బాగానే అనిపించి అట్లాగే వదిలేశాను. తర్వాత మూత పైభాగానికి నీళ్లతో కలిసే మ్యాట్ వార్నిషు వేశాను. మైనం రవ్వంత మిగిలినా దాని మీద వార్నిషు పట్టదు కాబట్టి గుడ్డలు మార్చి మార్చి తుడవాల్సి వచ్చింది. రెండో ఎండాకాలం పత్రికలు అంటుకోలేదు, వేడి చాయ్ గ్లాసు పెట్టినా మచ్చ పడలేదు. కాకపోతే చేత్తో నిమిరితే ఆ మెత్తదనం లేదు. ఆ లోటు లోటే.

ముదురు మైనం (పాతబడ్డట్టు కనిపించడానికి పూసే ముదురు రంగు వ్యాక్స్) గురించి ఒక్క మాట. అది నేరుగా రంగు మీద పూస్తే మచ్చలుగా ఇంకిపోతుంది, కింద క్లియర్ వ్యాక్స్ ఉండాలి. ఎక్కువైన చోట మళ్లీ క్లియర్‌తో రుద్దితే తేలిపోతుంది. అచ్చంపేట వైపు నుంచి తెచ్చుకున్న ఉత్త తేనెమైనం ముక్కను సొరుగుల పట్టాలకు రాస్తే మాత్రం ఏ కాలమైనా జారుతూ వస్తున్నాయి.

కొనాలా వద్దా అంటే, మా ఇల్లు పడమటి ముఖం, ఏసీ లేదు, సందూక మూతే మాకు బల్ల. మీకు నీడ గది ఉండి, పూసేది అద్దం ఫ్రేమో గోడ అల్మారా తలుపో అయితే, దీపావళి దాటాక పూసుకోండి, ఆ అందం వేరే దేనికీ రాదు. ఎండ పడే, వస్తువులు పెట్టే చోటుకు మాత్రం నేను వద్దనే చెప్తాను. నా సందూక పక్కలకు ఇప్పటికీ మైనమే ఉంది, ఈ చలికాలం ఇంకో పల్చని చేయి పూస్తాను. మూతకు ఇక వార్నిషే.