కోఠీలో వీడియో టేపుల కాపీ: బొమ్మ బాగుంది, గొంతు కోసేశారు

మా నాన్నగారు 1988 ప్రాంతంలో దూరదర్శన్ నుంచి రికార్డు చేసుకున్న రెండు వీహెచ్‌ఎస్ టేపులను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి గత నెల కోఠీలోని ఒక దుకాణంలో ఇచ్చాను. టేపుకు 400 రూపాయలు తీసుకున్నారు. వారమని చెప్పి పది రోజులు చేశారు. మూడు గంటల టేపును మూడు గంటలూ ఆడించక తప్పదు, పైగా ఒకదానికి బూజు పట్టి ఉంది కనుక ఆలస్యాన్ని తప్పుపట్టను. బూజు శుభ్రంగా తుడిచారు, బొమ్మ నిలకడగా వచ్చింది.

అయితే ఇంటికి వచ్చి చూస్తే సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరిలోని పాటలన్నీ ఉన్నాయి గానీ వాటికి ముందూ వెనుకా ఉండవలసిన మాటలు లేవు. తెర మీద మనిషి కనిపించకుండా కార్డు ఒక్కటే నిలిచి, వెనుక నుంచి అనౌన్సర్ గొంతు వినిపించే భాగాలను అక్కడి కుర్రవాడు ఖాళీ అనుకుని కత్తిరించాడు. నేను టేపులు ఇచ్చిందే వాటి కోసం. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1983 నవంబర్ 14న తొలిసారి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు 2024లో కన్నుమూసినప్పుడు ఊరంతా తలచుకుంది, అది న్యాయమే. కానీ సాయంత్రపు తెలుగు కార్యక్రమాలను ఒకదానికొకటి ముడివేసి, చివరకు మనల్ని ఢిల్లీ జాతీయ కార్యక్రమాలకు అప్పగించిన అనౌన్సర్ గొంతుల పేర్లు మా ఇంట్లోనే ఎవరికీ గుర్తు లేవు.

మళ్లీ వెళ్తే యజమాని వాదించలేదు. కత్తిరించని ఫైలు ఇంకా ఉందని వెతికి, అదనంగా ఏమీ తీసుకోకుండా ఇచ్చారు. ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి: ళకారం, ణకారం ఎక్కడా జారని ఉచ్చారణ, తొందర లేని విరామం, ఒకచోట "మరికొద్ది సేపట్లో" అన్న తరువాత కాగితం తిప్పిన చప్పుడు కూడా. ఇప్పటి చానళ్లలో అంతసేపు ఊపిరి పీల్చుకోనిస్తారా అన్నది నా అనుమానం. రెండో టేపులో అనౌన్సర్ "ఇంతటితో" అంటుండగానే టేపు అయిపోయింది. దానికి దుకాణం బాధ్యత లేదు.

పని నాణ్యతకు నాలుగు నక్షత్రాలు, అడగకుండా కత్తెర వేసినందుకు ఒకటి తగ్గించి మూడు. మీరు ఇచ్చేటప్పుడు మాత్రం రసీదు మీదే "ఏదీ తీసివేయవద్దు" అని రాయించుకోండి.