డాయిచ్‌లాండ్ టికెట్‌తో దాదాపు మూడేళ్ళు: ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగడం, ఒక్క ఎయిర్‌పోర్టు రోజు

2023 మే 1న ఈ టికెట్ మొదలైన రోజు నుంచి నా ఫోన్‌లో ఉంది. అప్పుడు 49 యూరోలు, 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. నెలకి ఇంత కడితే జర్మనీ అంతటా లోకల్ రైళ్ళు, ట్రామ్‌లు, బస్సులు ఎక్కొచ్చు; ఐసీఈలాంటి దూరం వెళ్ళే వేగపు రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. జర్మనీలో ఉన్న మనవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. నాకు ఇందులో ప్రాణంలాంటిది ఒక్కటే ఉంది: దారిలో ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగిపోవచ్చు.

నేనుండేది కాసెల్‌లో. వారానికి మూడు రోజులు గోటింగెన్‌లో ఆఫీసు. ఐసీఈలో ఇరవై నిమిషాలు, లోకల్ బండిలో దాదాపు గంట. మొదట్లో ఆ నలభై నిమిషాలు దండగ అనిపించేది. ఒక ఏప్రిల్ సాయంత్రం ఇంటికొస్తుంటే విట్‌జెన్‌హౌజెన్ దగ్గర చెర్రీ చెట్లు తెల్లగా విరగబూసి ఉన్నాయి. దిగేశాను. గంటసేపు నడిచి, వెనకాల వచ్చిన బండి ఎక్కాను. ముందుగా చవగ్గా కొనుక్కునే ఐసీఈ టికెట్‌తో ఇది కుదిరే పని కాదు, అది ఆ ఒక్క బండికే కట్టేసి ఉంటుంది.

కిందటేడు మే నెలాఖరులో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఈ పాసు మనం కొన్న తారీఖు నుంచి లెక్క కాదు, క్యాలెండర్ నెల లెక్క. అందుకని ఆమెకి జూన్ 1 నుంచి తీశాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రెండ్ వాళ్ళింట్లో దిగి, ఒక శనివారం మైన్స్ నుంచి కోబ్లెన్స్ వైపు రైన్ నది పక్కనే వెళ్ళే లోకల్ ఎక్కాం. అమ్మ కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంది, నది అటే ఉంటుంది కాబట్టి. పులిహోర డబ్బా మూత తీసింది గానీ తినడం మర్చిపోయింది. బాఖరాఖ్ స్టేషన్‌లో బండి ఆగేసరికి పైన కోట, కింద పాత ఊరి గోడ కనిపించాయి. "ఈ ఊరు భలే ఉంది నాన్నా, దిగుదామా?" అంది. మూత పెట్టే టైం కూడా లేదు, డబ్బా చేత్తో పట్టుకునే దిగిపోయింది. ఆ గోడ దగ్గరే కూర్చుని తిన్నాం. గంటకో బండి ఉంటుంది, కంగారేం లేదు. తర్వాత సాంక్ట్ గోఆర్‌లో కూడా దిగాం. "గుంటూరు నుంచి తెనాలి వెళ్తూ వేజండ్లలో దిగినట్టే ఉందిరా" అని ఆ రోజంతా సంబరపడింది. నేను ఈ దేశం వచ్చాక అమ్మ అంత సంతోషంగా ఉండటం ఆ రోజే చూశాను.

ఆ ఊపులోనే మా వాట్సాప్ గ్రూపులో రాశాను, అమ్మానాన్నలు వస్తే ఇదొక్కటి చాలు, ఇంకే టికెట్టూ కొనక్కర్లేదని. ఆ మాట ఇప్పుడు కొంచెం మార్చుకోవాలి.

ఆగస్టులో అమ్మ తిరుగు ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మధ్యాహ్నం రెండింటికి ఫ్లైట్. కాసెల్ నుంచి మార్బుర్గ్, గీసెన్ మీదుగా వెళ్ళే ఆర్ఈ (ఈ పాసు చెల్లే లోకల్ బండే) రెండు గంటల్లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరుస్తుంది. అక్కడ ఎస్-బాన్ (నగరంలో తిరిగే లోకల్ రైలు) మారితే పది పన్నెండు నిమిషాల్లో ఎయిర్‌పోర్టు. తొమ్మిది లోపు బండికి వెళ్తే పదకొండున్నరకల్లా అక్కడుంటాం, బోలెడు టైం అనుకున్నాను. కాసెల్‌లోని విల్హెల్మ్‌స్‌హోయె స్టేషన్‌లో ప్లాట్‌ఫాంకి పొడవాటి ర్యాంపు మీంచి దిగాలి. ఇరవై మూడేసి కిలోల రెండు సూట్‌కేసులు దొర్లించుకుంటూ దిగేసరికి బోర్డు మీద మా బండి పేరు పక్కన "త్సూగ్ ఫెల్ట్ ఆవుస్" అని పడింది. బండి రద్దు. తర్వాతిది గంటకి, అదీ నలభై నిమిషాలు లేటని చూపిస్తోంది. అది నమ్ముకుంటే ఎయిర్‌పోర్టు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది.

పక్క ప్లాట్‌ఫాంకి ఫ్రాంక్‌ఫర్ట్ ఐసీఈ వచ్చే వేళయింది. ఇరవై నిమిషాలు లేటైతే వేరే బండి ఎక్కనిస్తారని ఎక్కడో చదివిన గుర్తు. పరుగెత్తి కౌంటర్‌లో అడిగాను. ఆ నియమం ఈ టికెట్‌కి వర్తించదు. బాగా తగ్గించి అమ్మే టికెట్ల కిందకి ఇది వస్తుంది కాబట్టి, లోకల్ రద్దయినా ఐసీఈ ఎక్కాలంటే మన డబ్బుతో పూర్తి టికెట్ కొనుక్కోవాల్సిందే, ఆ డబ్బు వెనక్కి రాదు. అప్పటికప్పుడు ఫోన్‌లో కొంటే ఇద్దరికీ కలిపి వంద యూరోలు దాటింది. నా చేతులు వణుకుతున్నాయి, పేమెంట్ ఓటీపీ రెండుసార్లు తప్పు కొట్టాను. అమ్మ పక్కనే నిలబడి "టికెట్ ఉందిగా నాన్నా, మళ్ళీ ఎందుకు కొంటున్నావు?" అని అడుగుతోంది. ఏం చెప్పను? మళ్ళీ ఆ ర్యాంపు ఎక్కి, ఇంకో ర్యాంపు దిగి, తలుపులు మూసుకోబోతుంటే ఎక్కాం. ఫ్లైట్ అందింది. కానీ ఆ చివరి రెండు గంటలు అమ్మతో ప్రశాంతంగా మాట్లాడింది లేదు, అంతా టెన్షనే. డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంటికొచ్చి నియమాలన్నీ చదివాను. చవక ఐసీఈ టికెట్ ఒక్క బండికే కట్టేసి ఉంటుందని పైన రాశాను కదా. చేరాల్సిన చోటికి ఇరవై నిమిషాలకి మించి ఆలస్యం అవుతుందని తేలితే ఆ కట్టు తెగిపోతుంది, వేరే ఏ బండైనా ఎక్కొచ్చు, ఐసీఈతో సహా. బండ్లు దెబ్బతిన్న రోజున ఆ టికెట్‌కే స్వేచ్ఛ ఎక్కువ. మన పాసుకి గంట ఆలస్యానికి ఇచ్చే పరిహారం 1.50 యూరోలు, మొత్తం 4 యూరోలు దాటేదాకా చేతికి రాదు.

ఇంకోటి. ఈ పాసు నెలనెలా దానంతటదే కొనసాగుతుంది, రద్దు చేయాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి. అమ్మ టికెట్ విషయంలో 12న గుర్తొచ్చింది. ఆమె గుంటూరులో ఉండగా సెప్టెంబర్ డబ్బు కూడా కట్ అయింది.

ఇంత జరిగినా నేను మానలేదు, మానను కూడా. అయితే మా ఆఫీసు జాబ్‌టికెట్ (ఉద్యోగులకి ఆఫీసు ద్వారా వచ్చే పాసు) కింద ఖర్చులో కొంత భరిస్తుంది, రోజువారీ ట్రామ్, బస్సు అన్నీ ఇందులోనే గడిచిపోతాయి, ఒక్కడినే కాబట్టి ఇంటికి గంట లేటైనా నా కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. చంటిపిల్లలున్నవాళ్ళకి, నెలకి ఒకట్రెండు సార్లు మాత్రమే బండెక్కేవాళ్ళకి 63 యూరోలు గిట్టుతుందో లేదో వాళ్ళు లెక్క వేసుకోవాలి. నాకైతే 49 ఉన్నప్పుడు లెక్క వేయాలన్న ఆలోచనే రాలేదు, ఇప్పుడు సెలవు పెట్టే నెలల్లో వేస్తున్నాను.

అమ్మ ఈ జూన్‌లో మళ్ళీ వస్తోంది. బాఖరాఖ్‌లో ఈసారి ఒక రాత్రి ఉండాలట. ఆమెకి మళ్ళీ ఈ టికెట్టే తీస్తాను. రద్దు చేయాల్సిన తేదీకి ఫోన్‌లో అలారం పెట్టాను. ఎయిర్‌పోర్టు రోజుకి మాత్రం ఇద్దరికీ ఐసీఈలో సూపర్ ష్పార్‌ప్రైస్ అనే చవక టికెట్లు ఇప్పుడే కొనేశాను, ఫ్లైట్‌కి ఐదు గంటల ముందు చేరే బండికి.