సీటీసీలో మదర్‌బోర్డు వారంటీకి ఇచ్చేవాళ్ళూ, కాస్త ఆగండి

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) పీసీ కట్టించుకున్నవాళ్ళకి ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది.

నా పీసీలో ఇంటెల్ 12వ జెన్ ఐ5 ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, రెండు 8 జీబీ రామ్ స్టిక్కులు. అన్నీ వాళ్ళ దగ్గరే కొన్నాను, బిగించిందీ వాళ్ళే. బోర్డుకి 3 ఏళ్ళ వారంటీ, ఇంకా ఉంది. ఉన్నట్టుండి డిస్‌ప్లే ఆగిపోయింది. ఫ్యాన్లు తిరుగుతాయి, బోర్డు మీద, రామ్ దగ్గర తేడా ఉంటే వెలిగే డీరామ్ లైటు మాత్రం ఆరదు. షాపుకి ఫోన్ చేస్తే "బోర్డు పోయినట్టుంది అన్నా, తీస్కరా, వారంటీల మార్పిద్దాం" అన్నారు. నాడి పట్టకుండా ఫోన్లోనే రోగం తేల్చేశారు, ధన్వంతరులు!

తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు క్యాబినెట్ ఎత్తుకుని లోపలి గదిలోకి పోయాడు. కస్టమర్లు లోపలికి రాకూడదట. సరేనని బయటే నిలబడ్డాను చూడండి, అక్కడ కొట్టాలి నన్ను చెప్పుతో. కాసేపటికి వచ్చి ఫోన్లో సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఫొటో చూపించాడు. "పిన్నులు వంగినయ్ అన్నా. ఫిజికల్ డ్యామేజ్. కంపెనీ తీసుకోదు."

ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు సాకెట్లోనే ఉంటాయి. దీంట్లో 1700, వెంట్రుకల్లా. అవి వంగాలంటే కూలర్ ఊడదీసి, లీవర్ ఎత్తి, ప్రాసెసర్ బయటికి తీయాలి. కొన్న రోజు నుంచి నేను కూలర్ స్క్రూ కూడా ముట్టుకోలేదు. పోనీ మొదటినుంచీ వంగే ఉన్నాయంటే, రామ్ ప్రాసెసర్‌కి అందేది ఆ పిన్నుల ద్వారానే కదా, ఇన్నాళ్ళూ రెండు స్టిక్కులూ కలిపి 16 జీబీ ఎలా చూపించింది? ఇదే అడిగాను. నవ్వాడు. "మేం బిగించినప్పుడు మంచిగనే ఉండె. యూట్యూబ్ చూసి నువ్వే ఇప్పి ఉంటవ్." పక్కనే కొత్త పీసీ కొనడానికి వచ్చిన తండ్రీకొడుకులు నన్ను దొంగని చూసినట్టు చూశారు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది. పైగా ఆఫరొకటి: "పాత బోర్డు ఇచ్చేయ్, కొత్తదాంట్ల 800 తగ్గిస్త." చచ్చిన బోర్డుతో నీకేం పని నాయనా?

బోర్డు ఇవ్వకుండా వెనక్కి తెచ్చుకున్నాను. అమీర్‌పేటలో చిప్ లెవల్ రిపేర్ చేసే ఒకాయన నా ఎదురుగానే భూతద్దం పెట్టుకుని, వంగిన రెండు పిన్నులూ ట్వీజర్‌తో నిలబెట్టారు. ఒక స్టిక్కు పెడితే డిస్‌ప్లే వచ్చింది. అది తీసి అదే స్లాట్‌లో రెండోది పెడితే మళ్ళీ ఆ లైటే. పోయింది రామ్ స్టిక్కు! బోర్డుకి అసలు ఏ రోగమూ లేదు, వాళ్ళ లోపలి గదిలోకి వెళ్ళేదాకా. ఎవరు వంచారో నేను నిరూపించలేను. మీరే అనుకోండి.

డిస్‌ప్లే రాకపోతే ముందు ఒక్కో రామ్ స్టిక్కే పెట్టి చూడండి, నాలుగు స్లాట్ల బోర్డైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో. బోర్డు ఇవ్వక తప్పకపోతే మీ ఎదురుగానే సాకెట్ తెరిపించి, మీ ఫోన్లో వీడియో తీసుకున్నాకే ఇవ్వండి. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 సాకెట్ బోర్డులకీ ఇదే గొడవ, పిన్నులు బోర్డు మీదే. పిన్నులకి కాపుగా కొత్త బోర్డు సాకెట్ మీద వచ్చే ప్లాస్టిక్ మూత పారేయకండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఇది రాస్తుండగానే షాపు నుంచి వాట్సాప్: "అన్నా, బోర్డు ఇస్తవా? 1000 చేస్త."