భుజం బెల్టు: ఐదేళ్లు వాడాక

బెంగళూరులో మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా ఐదేళ్లలో నాలుగుసార్లు అద్దె ఇల్లు మారాం. మొదటిసారి మోయడానికి వచ్చినవాళ్లు అమ్మమ్మ ఇచ్చిన టేకు బీరువాని గుమ్మానికి కొట్టి మూల చెక్క లేపేశారు. ఇప్పటికీ అటు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ తర్వాతే ఇద్దరు భుజాలకు తగిలించుకుని సామాను ఎత్తే బెల్టు కొన్నాను.

బరువు విషయంలో అది మాట నిలబెట్టుకుంది. బెల్టు సామాను కిందుగా పోతుంది, ఇద్దరూ మోకాళ్లు వంచి ఒక్కసారే లేస్తారు. నడుం మీద భారం తగ్గుతుంది. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ నేనూ మా ఆయనా మోసేశాం. ఆయన నాకంటే పొడుగు కాబట్టి ఆయన వైపు బెల్టు కాస్త వదులు చేయాలి, లేకపోతే బరువంతా నా మీదికి ఒరుగుతుంది. మూడో ఏడు కుట్టు దగ్గర పోగులు లేచాయి. ఎత్తే ముందు ప్రతిసారీ అక్కడ చూసుకోవాలి.

మెట్ల మీద మాత్రం వద్దు. 20 బై 30 అడుగుల సైటులో కట్టిన బిల్డింగులో మూడో అంతస్తు, మూడడుగుల మెట్లు, మధ్యలో మలుపు. వేలాడే సామాను ఊగింది, కింద ఉన్న తమ్ముడి మీదికి బరువంతా వచ్చింది. భయమేసి అక్కడే దించేసి, బెల్టు తీసేసి చేతులతో మోశాం.

ఇక గుమ్మం. అక్కడ ఇబ్బంది పెట్టేది బరువు కాదు, కొలత. మా పడకగదిది మూడడుగుల తలుపని ఓనరుగారు చెప్పారు. ఫ్రేము పోను, తెరిచిన రెక్క మందం పోను టేపు పెడితే 30 అంగుళాలే. హ్యాండిల్ దగ్గర ఇంకా తక్కువ. సోఫా లోతేమో 34. అరగంట అటూ ఇటూ తిప్పి అలసిపోయాక తమ్ముడన్నాడు, "అక్కా, తలుపు ఊడదీద్దాం." బందుల స్క్రూలు తీసి రెక్క పక్కన పెడితే ఒకటిన్నర అంగుళం వచ్చింది, హ్యాండిల్ బెడదా పోయింది. సోఫా కాళ్లు విప్పి, నిలువుగా లేపి, ముందు వీపు భాగం లోపలికి పెట్టి, ఫ్రేము చుట్టూ మెల్లగా తిప్పితే సోఫా చేతులు వాటంతటవే వెనకాలే వచ్చేశాయి. ఇలా తిప్పాలంటే బెల్టు తీసేయాల్సిందే.

ఇనుప బీరువాది ఇంకో తిరకాసు. ఎత్తు 78 అంగుళాలు, లోతు 19. పడుకోబెట్టి తెచ్చి నిలబెట్టేటప్పుడు మూల నుంచి మూలకు 80 దాటుతుంది. మా గుమ్మం ఎత్తు సరిగ్గా 80. గుమ్మం కిందే లేపబోతే పైన పట్టేసింది. గదిలోకి పూర్తిగా తెచ్చాకే లేపాలి.

గడప మీద మాత్రం ఏదీ ఈడ్చకండి. పసుపు రాసే గడప గీరుకుపోతే నాకు మనసొప్పదు, పైగా సామాను కాళ్లూ విరుగుతాయి. దాటేటప్పుడు మడిచిన దుప్పటి వేసి ఎత్తి దించండి. గదిలో టైల్స్ మీద జరపడానికీ అదే దుప్పటి చాలు, జారే ప్యాడ్లు విడిగా కొననక్కర్లేదు.

లిఫ్టున్న అపార్టుమెంటులో ఉండి, సాయానికి ఒక్క మనిషే ఉంటే బెల్టు తప్పకుండా తీసుకోండి. మెట్ల ఇల్లయితే ఆ డబ్బుతో ఇంకో మనిషిని పిలుచుకోండి. ఏదైనా సరే, అడ్వాన్సు ఇచ్చే ముందే టేపు పట్టుకెళ్లి ప్రతి గుమ్మం, మెట్ల మలుపు, బయటి ఇనుప గ్రిల్ తలుపు కొలిచి రాసుకోండి.