వెబ్‌సైట్ చేయించుకుంటున్న చిన్న వ్యాపారులకు హెచ్చరిక: ఫామ్ నుంచి ఈమెయిల్ ఎలా పోతుందో చూడనిదే డబ్బు కట్టకండి

వరంగల్ కొత్తవాడలో మాకు జంపఖానాల దుకాణం ఉంది. 2018లో వరంగల్ దర్రీలకు (జంపఖానాలకు) భౌగోళిక గుర్తింపు వచ్చాక బయటి ఊళ్ల నుంచి అడిగేవారు పెరగడంతో, హనుమకొండలోని ఒక వెబ్ డిజైనర్ చేత 22 వేల రూపాయలకు వెబ్‌సైట్ చేయించాను. కొనేవారు తమ ఈమెయిల్ చిరునామా నింపి మాకు రాసేందుకు అందులో ఒక ఫామ్ పెట్టారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అడగవలసినవి అడగని తప్పు నాది కూడా.

చేయించిన నాలుగో నెలలో, ఒక సోమవారం పొద్దున షట్టర్ లేపి కంప్యూటర్ పెట్టేసరికి, ‘మెయిలర్ డీమన్’ పేరుతో పదకొండు వందల పైచిలుకు మెయిళ్లు వచ్చి ఉన్నాయి. మీరు పంపిన ఉత్తరం చేరలేదన్నదే అన్నింటి సారాంశం. నేను పంపిందేమీ లేదు. ఒకటి తెరిచి చూస్తే లోపల ఎవరిదో అప్పులిస్తామనే ఇంగ్లీషు ప్రకటన, పైన మా దుకాణం చిరునామా. చేరనివే అన్ని ఉంటే చేరినవి ఎన్నో!

కంప్యూటర్ చదువు చదువుతున్న మా మేనల్లుడు వచ్చి ఆ ఫామ్ కోడ్ తెరిచాడు. పట్టుమని పది లైన్లు లేవు. చూసేవారు ‘మీ ఈమెయిల్’ అన్న గడిలో ఏది నింపితే దాన్ని ఏ పరీక్షా లేకుండా తీసుకెళ్లి, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉత్తరాలు పంపే మెయిల్ ఫంక్షన్‌కు ఉత్తరం తలకట్టుగా (హెడర్‌గా) అంటించారు. ఈమెయిల్ తలకట్టులో ఒక్కో లైను ఒక్కో ఆదేశం కనుక, చిరునామా చివర కొత్త లైను గుర్తును చొప్పించి, ఆ కింద ‘బీసీసీ’ (ఇతరులకు కనిపించకుండా ప్రతులు పంపే ఆదేశం) అని రాసి వందల చిరునామాలు ఇస్తే, సర్వర్ వాటన్నింటికీ మా సైటు నుంచే ఉత్తరాలు పంపేస్తుంది. “ఆ గడిలో ఎంటర్ కొడితే కొత్త లైను రాదు కదా?” అని అడిగాను. “స్పామ్ పంపేటోడు మన పేజీ తెరవడు మామా, ప్రోగ్రాముతో సీదా సర్వర్‌కే పంపుతడు” అన్నాడు. అందువల్ల పేజీలో పెట్టిన పరీక్షలు చాలవు. సర్వర్ వైపున కొత్త లైను గుర్తులున్న చిరునామాను అక్కడికక్కడే తిరస్కరించాలి. ఫామ్ నింపినవారికి ఒక ప్రతి పంపే సదుపాయాన్ని కూడా తీసేయించాను, ఎందుకంటే పరాయివారి చిరునామా నింపి వారికి మన చేత ఉత్తరం వేయించవచ్చు.

అదే కోడ్‌లో మరో లోపం బయటపడింది. నింపినవారి చిరునామానే ‘ఫ్రమ్’లో, అంటే పంపినవారి గడిలో, పెట్టారు. యాహూ 2014 ఏప్రిల్ నుంచి తన చిరునామాలతో బయటి సర్వర్లు పంపే ఉత్తరాలను తిరస్కరించమని డీమార్క్ (తన పేరుతో వచ్చే దొంగ ఉత్తరాలను ఏం చేయాలో ప్రకటించే పద్ధతి) ద్వారా లోకానికంతటికీ చెప్పి ఉంది. యాహూ చిరునామా ఉన్న కరీంనగర్ పెద్దాయన ఒకరు మూడుసార్లు రాసినా నేను పలకలేదని నొచ్చుకున్నారు. ఆ మూడూ నాకు చేరనే లేదు. ‘ఫ్రమ్’లో మన సొంత డొమైన్ (వెబ్‌సైట్ పేరు) చిరునామా ఉండాలి, కొనుగోలుదారుది జవాబు వెళ్లవలసిన ‘రిప్లై టు’లో ఉండాలి.

ఇంతలో మా సైటును తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ వారు మా మెయిల్ ఆపేశారు. సర్వర్ ఐపీ (ఇంటర్నెట్‌లో దాని చిరునామా) స్పామ్ పంపేవారి నిరోధ జాబితాకు ఎక్కింది. ఆ తరువాత దాదాపు ఆరు వారాలు హైదరాబాద్ షోరూములకు పంపిన ధరల పట్టికలు వారి స్పామ్‌లోనే పడ్డాయి. ఫోన్ చేసి ‘అన్నా, ఒకసారి స్పామ్ చూడండి’ అని బతిమాలుకోవలసి వచ్చింది.

ఆ డిజైనరే మరో మూడు వేలకు యాభై వేల చిరునామాల జాబితా అమ్మజూపారు. కొనలేదు, అదొక్కటే నేను చేసిన మంచిపని. అటువంటి జాబితాల్లో స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికి పెట్టిన ఉచ్చు చిరునామాలూ ఉంటాయి. పైగా 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు ఐదు వేలకు మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవారికి ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే ఎస్‌పీఎఫ్, డికిమ్, డీమార్క్ ఏర్పాట్లు మూడూ ఉండాలని, ప్రకటనల మెయిళ్లలో ఒక్క నొక్కుతో వైదొలిగే వీలుండాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ నిబంధన పెట్టింది. తక్కువ పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డికిమ్‌లలో ఒకటైనా తప్పదు. ఇప్పుడు మేము దుకాణానికి వచ్చి చిరునామా ఇచ్చినవారికి ముందు ఒక లింకు పంపి, వారు దాన్ని నొక్కి ఒప్పుకుంటేనే జాబితాలో చేర్చుకుంటున్నాం.

వెబ్‌సైట్ చేయించుకుంటున్నవారు చివరి వాయిదా చెల్లించే ముందు ఒక పని చేయండి. ఫామ్ ఉత్తరాలు మీ జీమెయిల్‌కు వచ్చేలా పెట్టించి, ఒక యాహూ చిరునామాతో ఫామ్ నింపండి. వచ్చిన ఉత్తరాన్ని కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే పైన ఎస్‌పీఎఫ్, డికిమ్, డీమార్క్ అన్న వరుసలు కనిపిస్తాయి. మూడింటి ఎదుట ‘పాస్’ అని, ‘ఫ్రమ్’లో మీ డొమైన్ పేరు కనిపించేదాకా మిగిలిన సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి.